చేతులెత్తే ఆసనం

2021 సెప్టెంబరు 1న ఆయుష్ మంత్రిత్వ శాఖ ‘వై-బ్రేక్’ అనే యాప్ తెచ్చింది. మర్నాడే కేంద్ర సిబ్బంది వ్యవహారాల శాఖ ఉత్తర్వు పంపింది: ఉద్యోగులు పని మధ్యలో ఐదు నిమిషాలు యోగా చేసి ఒత్తిడి దించుకోవాలట. నెత్తిన బరువు పెట్టినవాళ్లే దించుకునే పనీ నెత్తినే పెట్టారు.

మా సెక్షన్లో నాలుగు సీట్లుంటే ముగ్గురు రిటైరయ్యారు. నాలుగోవాణ్ణి నేను. అన్నిటికీ ఇన్‌చార్జిని. కాబట్టి న్యాయంగా నాకు ఇరవై నిమిషాలు రావాలి. ఆ లెక్క ఎవరూ వేయలేదు.

అసలు ఈ వై-బ్రేక్‌లో ఆసనాలు మాకు కొత్తవా? తాడాసనమంటే కదలకుండా నిలబడటం. ఫైలు పట్టుకుని సారు గది ముందు రోజూ చేసేదే. స్కంధ చక్రం భుజాల నొప్పికి. ముగ్గురి పనీ మోసే భుజాలు తిరుగుతాయో లేదో మరి. ప్రసారిత పాదోత్తానాసనంలో నడుం వంచాలి, తనిఖీ అధికారి వస్తే అదెలాగూ తప్పదు. ఊర్ధ్వ హస్తోత్తానాసనం మాత్రం పైవాళ్లు చేస్తేనే చూడాలి. ఖాళీలు నింపమని మేం రాసినప్పుడల్లా ఎంత అందంగా చేతులెత్తేస్తారో!

2024 జూన్‌లో ఇంకో మెట్టు ఎక్కాం. ఆఫీసు కుర్చీలో కూర్చునే చేసే యోగా వచ్చింది. నడుం నొప్పి తెచ్చిన కుర్చీలోనే వైద్యమన్నమాట. పతంజలి ఆసనానికి పెట్టిన షరతులు స్థిరత్వం, సుఖం. నా కుర్చీకి ఒక కాలి కింద పాత గెజిట్ మడిచి పెట్టాను, స్థిరత్వం వరకు పర్వాలేదు.

యోగాను తప్పు పట్టడం లేదు. మా ఇంటావిడ పదేళ్లుగా చేస్తోంది, నాకంటే చురుగ్గా ఉంది. ఆవిడకి రాత్రి తొమ్మిదింటికి వాట్సాప్ గ్రూపులో ‘అర్జెంట్, రేపు పదింటికల్లా’ అని మెసేజ్ రాదు. అదొక్కటే తేడా.

మొన్న మా అంతస్తులో సామూహిక వై-బ్రేక్ జరిగింది. బ్యానర్ కట్టారు, ఫొటోలు పైకి పంపారు. అదే అంతస్తులో ఆడవాళ్ల బాత్రూముకు నెల్లాళ్లుగా తాళం. తాళంచెవి సూపరింటెండెంటు గారి సొరుగులో ఉంటుంది. మా టైపిస్టు అమ్మాయి అడగడానికి వెళ్లి తిరిగొచ్చింది.

‘ఏమైందమ్మా?’ అన్నాను.

‘సారు ధ్యానంలో ఉన్నారండీ.’