ముఖం కడిగిన సాక్షి

మా బాల్కనీలో తులసి కోట ఉంది. మూడో అంతస్తు. కింద ఫ్లైఓవర్ కడుతున్నారు. స్తంభాలు లేచి ఏళ్ళయింది, వాటి మీద రావలసిన రోడ్డు మాత్రం ఇంకా ఆకాశంలోనే ఉంది. మా ఆవిడ పొద్దున్నే తులసమ్మకి చెంబెడు నీళ్ళతో తలంటి, బొట్టు పెట్టి లోపలికొస్తుంది. సాయంత్రం దీపం పెట్టే వేళకి ఆకు మీద వేలితో గీస్తే గీత పడుతుంది. మొన్న తడిగుడ్డతో ఆకులన్నీ తుడిచి, ఆ గుడ్డని తెచ్చి నేను చదువుతున్న పేపరు మీదే పరిచింది.

"ఏమండీ, ఊళ్ళో గాలి సంతృప్తికరం అని వేశారుగా. మరి ఇదేంటి?"

గుడ్డ నల్లగా ఉంది. పేపర్లో గాలి నాణ్యత సూచీ లేత ఆకుపచ్చగా ఉంది. నేను పేపరుకి రాసేవాణ్ణి కాబట్టి పేపర్నే నమ్మాను.

ఆకుని సాక్ష్యం అడగడం మా ఆవిడ కనిపెట్టిన విద్యేం కాదు. 1866లోనే నైలాండర్ అనే ఫిన్లాండ్ శాస్త్రవేత్త పారిస్‌లో చెట్ల బెరడు చూసుకుంటూ తిరిగాడు. నగరంలో మిగతాచోట్ల మాయమైన లైకెన్లు లక్సెంబర్గ్ తోటలో మాత్రం బతికి ఉన్నాయి. గాలి ఎక్కడ బాగుందో అవే చెబుతున్నాయని తేల్చాడు. లైకెన్ అంటే మనకు పరాయిదేం కాదు, బిర్యానీ మసాలాలో వేసే రాతిపువ్వు ఆ జాతిదే. నిజానికి అది మొక్క కూడా కాదు. శిలీంధ్రమూ శైవలమూ ఒకే గదిలో చేస్తున్న కాపురం. వేర్లు లేవు. తిన్నా తాగినా గాలి నుంచే. గంధకపు పొగ తగిలితే ఆ కాపురం కూలిపోతుంది. నేనూ నైలాండర్‌లాగే మా వీధి చెట్ల మొదళ్ళన్నీ వెతికాను. రెండు పార్టీల పోస్టర్లు, ఒక ట్యూషన్ సెంటర్ బోర్డు, పాన్ మరకలు దొరికాయి. రాతిపువ్వు కావాలంటే బేగంబజార్ వెళ్ళి కొనుక్కోవాల్సిందే.

ఇంకో సాక్షి పొగాకు. బెల్ డబ్ల్యూ-3 అనే రకం ఉంది. బండ్ల పొగ మీద ఎండ పడితే తయారయ్యే ఓజోన్ తగిలిందంటే చాలు, దాని ఆకుల నిండా చుక్కలు. పేరులోనే పొగ ఉన్న ఆకు తట్టుకోలేని గాలిని మనం సిగ్నల్ దగ్గర నూట ఇరవై సెకన్లు పీలుస్తాం, అదీ ఫ్రీగా.

సర్కారు యంత్రాలు లేవా అంటే, ఉన్నాయి. హైదరాబాద్‌లో గాలి కొలిచే కేంద్రాలు జూపార్కులో, సెంట్రల్ యూనివర్సిటీలో, పటాన్‌చెరు ఇక్రిశాట్‌లో ఉన్నాయి. సనత్‌నగర్, పాశమైలారంలోనూ ఉన్నాయి, కాదనను. మొత్తానికి జింకలు, పరిశోధక విద్యార్థులు, జొన్న చేలు ఏం పీలుస్తున్నాయో మనకు గంటగంటకీ తెలుస్తుంది. ఫ్లైఓవర్ కింద మిర్చిబజ్జీ వేసేవాడికి మాత్రం తన దగ్గే కొలమానం.

మొక్కల్లో రెండు రకాలున్నాయి. గాలి చెడితే మచ్చలేసుకుని, ఆకు రాల్చి గోల చేసేవి ఒక రకం. ఎంత పొగ పెట్టినా పచ్చగా నిలబడేవి రెండో రకం. ఆకులో సి విటమిన్, పత్రహరితం, నీటిశాతం, ఆకురసం పీహెచ్ కొలిచి 'వాయు కాలుష్య సహన సూచిక' అని లెక్కగడతారు. గోల చేసేవి కబురు చెప్పడానికి, ఓర్చుకునేవి దుమ్ము పట్టి ఆపడానికి, రెండూ కావాలంటుంది శాస్త్రం. పెద్దలకు ఓర్పు ఒక్కటే నచ్చింది. డివైడర్ మీద పోస్టింగు గన్నేరుకీ కాగితపు పూలకీ దక్కింది. గోల చేసే రకం నర్సరీ గేటు దాటదు. ఆఫీసు బదిలీల్లో చూసిన పద్ధతే.

ఓర్పుగల గన్నేరు కూడా ఒంటి మీద దుమ్ము దాచలేదు. బ్రేకుల అరుగుదల, ఇంజిన్ల పొగలోని ఇనుప రేణువులు ఆకులకు అంటుకుంటాయి. ఆ ఆకులు కోసి ల్యాబులో అయస్కాంత గుణం కొలిస్తే, ఏ కూడలిలో ఎంత పొగ ఉందో మ్యాపు గీయొచ్చు. అందుకేనేమో, ఎవరైనా పెద్దమనిషి వస్తున్నాడంటే మా రోడ్డుకి తెల్లవారుజామునే ట్యాంకర్ వస్తుంది. పైపు పట్టి డివైడర్ పొడుగునా మొక్కల ముఖాలు కడిగి వెళ్ళిపోతుంది. కాన్వాయ్ వచ్చేసరికి సాక్షులందరూ తళతళలాడుతూ వరసగా నిలబడి ఉంటారు.

సన్నధూళి పీఎం 2.5కి ప్రపంచ ఆరోగ్య సంస్థ గీసిన ఏడాది గీత ఘనపు మీటరుకి 5 మైక్రోగ్రాములు. మన దేశం గీసిన గీత 40. అంటే మన ఊపిరితిత్తులు ఎనిమిది రెట్లు గట్టివని సర్కారు నమ్మకం. సహన సూచికలో గన్నేరు పక్కనే మనల్నీ చేర్చారన్నమాట.

ట్యాంకర్ అన్నకి ఒక మనవి. మా ఫ్లైఓవర్ కింద ఏడో స్తంభం దగ్గర వంగిన గన్నేరు ఒకటుంది. దాన్నొక్కదాన్ని ఈ నెలంతా కడక్కుండా వదిలెయ్యన్నా. మా ఆవిడ గుడ్డ పట్టుకుని వస్తుంది.