ఊదాలా, ఊరుకోవాలా?

మందు నిషేధమున్న దేశంలో మందు మీద జరిగినంత చర్చ ఇంకెక్కడా జరగదు. కువైట్‌లోని ఫింటాస్‌లో, మా గదిలో గురువారం రాత్రి వంటలయ్యాక సభ మొదలవుతుంది. ఆ మధ్య వచ్చిన అంశం: ఫహాహీల్ ఎక్స్‌ప్రెస్‌వే మీద షుర్తా (పోలీసు) కారు ఆపి, తాగావేమోనని మిషన్‌లో ఊదమంటే ఊదాలా, ఊరుకోవాలా?

సభ్యులం నలుగురం. ఒక్కరికీ కారు లేదు. మాలాంటివాళ్లకి ఇక్కడ లైసెన్సు రావాలంటే నెలకి 600 దినార్ల జీతం, పైగా డిగ్రీ ఉండాలి. మా నలుగురి జీతాలూ కూడితే ఆ అంకె రావచ్చు గానీ, లైసెన్సు తలా పావువంతు ఇవ్వరు.

కోనసీమ బాబాయ్ ముందు లేచారు. "ఊదకూడదండీ! డాలస్‌లో మా తోడల్లుడు చెప్పాడు. ఊదామంటే మన మీద సాక్ష్యం మనమే ఇచ్చినట్టంట." టెక్సాస్‌లో ఊదనంటే మొదటిసారికే 180 రోజులు లైసెన్సు ఆపేస్తారు. ఆ ముక్క తోడల్లుడు చెప్పలేదో, ఈయన వినలేదో!

రాయచోటి తమ్ముడు చట్టం అందుకున్నాడు. "మన ఇండియాలోనైతే 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాముల దాకా ఏమీ అనరన్నా. దాటితేనే 10,000 రూపాయల జరిమానా, లేదంటే ఆర్నెల్ల దాకా లోపల." మరి ఊదనంటే? ఆ మొండికేయడమే కోర్టులో మనకి ఎదురు తిరుగుతుందని మోటారు వాహనాల చట్టంలోనే ఉంది.

"తాగనివాడికి భయమెందుకు?" అన్నాను నేను, ధర్మరాజులా.

మా మలయాళీ సభ్యుడు నవ్వాడు. 2025లో కేరళలోని పందళం ఆర్టీసీ డిపోలో డ్యూటీ ఎక్కబోయే డ్రైవర్లని ఊదమంటే, చుక్క ముట్టనివాళ్లు కూడా తాగినట్టు తేలారట. కారణం, అంతకుముందే తిన్న పనస తొనలు! బాగా మాగి పులిసిన పండు మిషన్‌ని కూడా బోల్తా కొట్టించింది. పనస తినకముందు ఊదితే సున్నా, తిన్నాక ఊదితే కేసు.

బాబాయ్ కళ్లు మెరిశాయి. "అయితే ఇక్కడ మహబూలాలో పనసకాయలు ఎంతుంటాయండీ?"

కువైట్ సంగతికొచ్చేసరికి చర్చ చప్పబడింది. ఇక్కడ 30 దాకా పర్లేదు అనే బేరమే లేదు. మద్యమే నిషేధం. 2025 ఏప్రిల్ 22న అమల్లోకొచ్చిన ట్రాఫిక్ చట్టం ప్రకారం మత్తులో బండి నడిపితే ఏడాది నుంచి రెండేళ్ల జైలు, 1,000 నుంచి 3,000 దినార్ల జరిమానా దాకా పడొచ్చు. పరాయి దేశస్థుడైతే ఆపైన విమానం ఎక్కించే అవకాశం కూడా ఉంది. ఊదాలా వద్దా అని మల్లగుల్లాలు పడే వైభోగం, కొద్దిగా తాగితే పర్లేదనే దేశాలవాళ్లది. మనకి ఆ నిర్ణయం గ్లాసు దగ్గరే అయిపోతుంది.

సభ ముగిసిందనుకుంటుండగా బాబాయ్ చివరి ప్రశ్న వేశారు. "మన కంపెనీ బస్సు డ్రైవర్‌ని దారిలో ఆపి ఊదమంటే, వెనక కూర్చున్న మనమేం చెయ్యాలండీ?"

దీని మీద మాత్రం నలుగురం ఒక్క మాట మీద నిలబడ్డాం. ఆలస్యమైన పూట జీతం ఎవరిస్తారో, ఆయన ఊదకముందే తేల్చుకోవాలి.