అల్లుడుగారి కొలత

అల్లుడుగారూ! తెనాలిలో గాని, బాపట్లలో గాని, మా రేపల్లెలో గాని కొలత తెలిసిన మనిషి మీ అంతటివారు మరొకరు లేరు. ఇంటి అల్లుడు కదా అని మొహమాటానికి అంటున్న మాట కాదు. మీరు గాల్వెస్టన్ రేవులో క్రూయిజ్ ఎక్కిన ముచ్చట్లు మా అమ్మాయి ఫోన్లో చెబుతుంటే ఇంటిల్లిపాదీ పనులు మానుకుని విన్నాం. విన్నది పదిమందికీ తెలియాలనే ఇది రాస్తున్నాను.

ఓడ ఇంకా రేవులోకి రాకముందే, డాలస్‌లో ఇంట్లో కూర్చుని, ఏ రాత్రి ఏ హోటల్లో తినాలో మీరు బుక్ చేసి పెట్టారట. పెద్ద భోజనశాల టిక్కెట్లోనే కలిసి ఉంటుందనీ, స్టీక్ హౌస్ లాంటివాటికి విడిగా డబ్బు కట్టి వేళ ఖాయం చేసుకోవాలనీ, ఖాయం చేసుకుని వెళ్ళకపోతే జరిమానా పడవచ్చనీ మాకు మీ వల్లే తెలిసింది. ఏడున్నరకి రమ్మంటే ఏడూ ఇరవైకే గుమ్మం దగ్గర నిలబడ్డారట. నిక్కరుతో రానివ్వరని ప్యాంటు వేసుకున్నారట. మా అమ్మాయికి కుర్చీ లాగి, ఆమె కూర్చున్నాక మీరు కూర్చున్నారట. ఆ మాటకి అమ్మాయి తల్లి, మా వదినగారు, కొంగుతో కళ్ళొత్తుకుంది. బిడ్డని ఇలాంటి చోట ఇచ్చామని తృప్తి.

ఇక సీసా సంగతి. కార్నివాల్, రాయల్ కరీబియన్ లాంటి కంపెనీలు ఓడ ఎక్కే రోజున పెద్దవాళ్ళకి మనిషికొక్క 750 మి.లీ. వైన్ సీసా మాత్రమే తెచ్చుకోనిస్తాయి. విస్కీ, వోడ్కా, బీరు గుమ్మం దాటవు. మధ్యలో రేవు దిగి కొన్న సీసాని కూడా ఓడవాళ్ళే తీసి దాచి, ప్రయాణం ముగిశాక చేతికిస్తారు. మౌత్‌వాష్ సీసాలో రంగు కలిపిన వోడ్కా పోసుకుని స్కానర్ కళ్ళు కప్పాలని చూసే ఘనులున్నారట. మీరు ఆ జోలికి పోలేదు. మీకొకటీ మా అమ్మాయి పేరున ఒకటీ, రెండే సీసాలు, అదీ వాళ్ళు చెప్పినట్టే చేతిసంచిలో పెట్టుకుని వెళ్ళారు. కార్నివాల్ వాళ్ళ తాగుడు ప్యాకేజీ కొంటే ఆ గదిలో ఉన్న పెద్దవాళ్ళందరూ కొనాలి, ఇరవైనాలుగు గంటల్లో 15 గ్లాసులు దాటితే ఇంక పొయ్యరు. ఇంక పొయ్యం అన్నప్పుడు మీరు గొడవపడలేదు, గొంతు పెంచలేదు. థాంక్యూ చెప్పి లేచారు.

హైదరాబాదులో విమానం దిగినప్పుడూ అంతే. సుంకం లేకుండా మనిషి 2 లీటర్లు తెచ్చుకోవచ్చంటే సరిగ్గా రెండే తెచ్చారు. అప్పటి నియమం ప్రకారం పక్క రాష్ట్రం నుంచి మనిషి మూడు సీసాలు తెచ్చుకోవచ్చని 2020 సెప్టెంబరులో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు చెప్పిన తీర్పు మీకు నోటికొచ్చు. ఊరికి వస్తుంటే రాష్ట్ర సరిహద్దులో గరికపాడు చెక్‌పోస్టు దగ్గర కారాపితే ఆ తీర్పు అప్పజెప్పారట. చట్టం మీద ఇంత గౌరవమున్న కుర్రవాణ్ణి నేను ఎరగను.

తెనాలిలో మీ పినతండ్రిగారింట పెళ్ళికీ మీ క్రమశిక్షణ చూశాం. కల్యాణమండపం వెనక కారు డిక్కీ తెరిచి మిత్రుల్ని ఆదరించి వచ్చేసరికి రెండో బంతి సగమైంది. ఒక ముసలాయన మజ్జిగన్నం కలుపుకుంటున్నాడు. మీరు వెళ్ళి ఆయన కుర్చీ వీపు పట్టుకుని నిలబడ్డారు. ఆయన ఒకసారి తలెత్తి చూశాడు. మీరు కదల్లేదు. ఆ చివరి నాలుగు ముద్దలూ ఆయన గబగబా మింగి, చెయ్యి ఆకులో ఉండగానే లేచాడు. ఫోన్లో బుక్ చెయ్యడానికి వీల్లేని చోట నిలబడి బుక్ చేసుకోవచ్చని నిరూపించారు.

కనుమ మర్నాడు అందరం చెరుకుపల్లి మీదుగా బాపట్ల, అక్కణ్ణుంచి సూర్యలంక సముద్రతీరానికి వెళ్ళాం. బాపట్లలో రోడ్డు పక్కన కారాపి, డిక్కీలో చోటున్నంత మేరా బీరు కేసులు ఎక్కించారు. మీ పెద్దమనసుకి అక్కడ 750 మిల్లీలీటర్ల హద్దు లేదు, మూడు సీసాల తీర్పు లేదు, పదిహేనో గ్లాసు తరవాత ఇక చాలనే మనిషి లేడు. సముద్రం మీ సంచి తెరిచి చూడలేదు. గస్తీ కానిస్టేబుల్ కనబడినంతసేపూ సీసాల మీద తువ్వాలు కప్పి ఉంచారు, పోలీసులంటే మీకున్న మర్యాద అది. ఆయన హరిత రిసార్టు వైపు మళ్ళగానే తువ్వాలు తీశారు.

ఆ తరవాత మీ ధైర్యం చూశాం. తాగి అలల్లోకి దిగొద్దని పోలీసులు మైకులో చెబుతూనే ఉంటారు. సూర్యలంకలో ఇంటికి తిరిగిరాని కుర్రాళ్ళ సంగతి మా వైపు అందరికీ తెలుసు. ఓడ కదలకముందు జరిపే భద్రతా శిక్షణకి చెప్పిన వేళకు చెప్పిన చోట హాజరైన మీరు ఇక్కడ నడుము లోతు దాకా దిగి, ఈల వేసి వెనక్కి రమ్మన్న గజ ఈతగాణ్ణి చూసి నవ్వారు. వయసులో ఆయన మీ నాన్నగారంతటివాడు. మీకోసం ఆయన కూడా దిగాల్సి వచ్చింది.

ఒడ్డున సరుగుడు తోటలో చాప పరిచి ఉంది. మా వదినగారు తెల్లవారుజామున నాలుగింటికి లేచి నాటుకోడి కూర వండింది, గారెలు వేసింది, నిజాంపట్నం నుంచి తెప్పించిన చేపలు పులుసు పెట్టింది. మీరూ మిత్రులూ సీసాలతో కూర్చున్నారు కనక ఒంటిగంటకి ఎవరూ విస్తరి వెయ్యలేదు. రెండైంది. మా అమ్మాయి పసివాడికి పెరుగన్నం పెట్టి తను ఊరుకుంది. రెండున్నరకి గారెలు చల్లారి గట్టిపడ్డాయి. మూడున్నరకి మీరు వచ్చి, కూర బాగుందమ్మా అన్నారు. ఆ మాటకే మా వదినగారు పొంగిపోయింది. మగవాళ్ళు లేచాక, అడుగున మిగిలిన పులుసుతో ఆడవాళ్ళు తిన్నారు. మా అమ్మాయికి కుర్చీ లాగడానికి అక్కడ కుర్చీ లేదు కనక ఆ లోటు మీది కాదు. ఆలస్యానికి జరిమానా వెయ్యని భోజనం కనక ఆ వేళా మీ తప్పు కాదు.

మా వదినగారిది నెల్లూరు జిల్లా. దూబగుంటలో అక్షరాలు నేర్చుకోవడానికి కూడిన ఆడవాళ్ళు సారా కొట్టు మూయించారని విని, వాళ్ళ ఊళ్ళోనూ ఆడవాళ్ళు చీపుళ్ళు పట్టుకుని లేచినప్పుడు తనూ వెళ్ళిందట. అవి 1992 నాటి రోజులు. ఆ ఉద్యమం సారాను ఆపింది, 1995 జనవరిలో మద్యనిషేధాన్నీ తెచ్చింది. రెండేళ్ళు దాటాయో లేదో, 1997లో, నిషేధం ఎత్తేశారు. అప్పుడు చీపురు పట్టిన ఆ చేతులు ఇప్పుడు మీ సీసాలు ఖాళీ అయిందాకా గారెల గిన్నె మీద ఈగలు తోలుతూ కూర్చున్నాయి. ఒక ప్రభుత్వం చెయ్యలేని పని మీరు చేశారు.

మీరు కారెక్కాక నేను కాసేపు వెనకబడ్డాను. అలివి వల లాగే బెస్తలు ఒడ్డుకి వచ్చారు. తాడు పట్టుకుని వెనక్కి వెనక్కి అడుగులు వేసే పని, కిందికి చూడ్డానికి కుదరదు. ఒకతని మడమలో సీసా పెంకు దిగింది. గోధుమరంగు గాజు, మెడ విరిగిన ముక్క, అంచుకి బంగారు రంగు కాగితం ఇంకా అంటుకునే ఉంది. అతను ఇసకలో కూలబడి పెంకు పీకి, లుంగీ అంచు చింపి కట్టుకుని, మళ్ళీ తాడు పట్టుకున్నాడు. వల సగంలో ఉంది, వదిలెయ్యడానికి లేదు. ఆ సీసా మీదేనని నేను అనను. అక్కడ తాగినవారు చాలామంది. అయితే మీరు కూర్చున్న చోట పగిలినవాటిని నేనే ఏరాను, నా చేతిసంచి నిండింది.

జనవరి నుంచి మార్చి దాకా ఆ ఇసకలోకే రాత్రిపూట ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు గుడ్లు పెట్టడానికి వస్తాయి. రెక్కల్లాంటి కాళ్ళతో ఇసక తవ్వుకుంటాయి. వాటికి ఆ ఒడ్డున చోటు ఖాయం చేసిపెట్టేవాళ్ళు లేరు. ఆ సముద్రమే 1977 నవంబరు 19న ఉప్పెనై దివిసీమని ఊడ్చేసి మా తీరం మీదా విరుచుకుపడింది. మా పెద్దవాళ్ళు ఆ నీళ్ళకి ఇప్పటికీ భయంగా దణ్ణం పెడతారు. మీరు వాటిలోకి ఖాళీ సీసా గిరాటు వేసి, ఎంత దూరం పోయిందో చూసుకున్నారు. చాలా దూరమే పోయింది. మంచి బలం.

ఇవన్నీ చూశాక మాకు అర్థమైంది, అల్లుడుగారూ, మీ వినయం నిజమైనదే. డబ్బు కట్టించుకుని నియమం పెట్టినవాడి ముందు మీరు నిప్పులాంటి మనిషి. ఉచితంగా వండిపెట్టినవాళ్ళకీ, ఉచితంగా ఒడ్డు పరిచిన సముద్రానికీ ఒక్క నియమమూ లేకపోవడమే లోపం. ఆ లోపం మేం సరిదిద్దుకున్నాం. వచ్చే సంక్రాంతికి మీరు తప్పక రావాలి. సూర్యలంకలో విస్తళ్ళు సరిగ్గా ఒంటిగంటకి వేస్తాం, మొదటి బంతిలో మా వదినగారూ, మా అమ్మాయీ, వంటకి సాయం వచ్చిన ఆడవాళ్ళూ కూర్చుంటారు. వడ్డన మగవాళ్ళది. బయల్దేరేటప్పుడు డిక్కీ నేను చూస్తాను, గాజు సీసా ఉంటే మీ గాల్వెస్టన్ పద్ధతిలోనే తీసి మా బీరువాలో దాచి, మీరు డాలస్ వెళ్ళే రోజున చేతికిస్తాను. మీ విస్తరి రెండో బంతిలో, ఒంటిగంటా ముప్పావుకి, మీ పేరునే ఖాయం చేశాం.