మూత కింది పాకం

పంచదార నీళ్లు ఎంతసేపు కాగినా, అందులో నీళ్లు తగ్గకపోతే పాకం ముదరదు. నీళ్లు ఆవిరై పోయేకొద్దీ వేడి 100 డిగ్రీలు దాటుతుంది. 112 దగ్గర మెత్తటి ఉండ కడుతుంది, 150 దగ్గర పెళుసు పాకమవుతుంది. ఈ గ్రాఫు డిగ్రీ పిల్లలకు బోర్డు మీద గీసి చెప్పేదాన్ని నేనే. అదే నేను, మెట్టుగూడలో మా వంటింట్లో, ఒక డిసెంబరు రాత్రి పంచదారా నీళ్లూ స్లో కుక్కర్లో పోసి, మూత పెట్టి, తెల్లారేసరికి కేరమెల్ తయారవుతుందని నమ్మి పడుకున్నాను.

తెలియక చేసి ఉంటే ఇంత బాధపడేదాన్ని కాదు. రోజూ మెట్టుగూడలో మెట్రో ఎక్కి తార్నాకలో దిగుతాను. దిగిన చోటికి ఒకవైపు మా పెద్దవాళ్లు ఇప్పటికీ ఆర్ఆర్ఎల్ అని పిలిచే ఐఐసీటీ, మరోవైపు 1958లో కూనూరు నుంచి తరలివచ్చిన జాతీయ పోషకాహార సంస్థ. రసాయనశాస్త్రానికీ తిండికీ దేశంలో పేరున్న రెండు చోట్ల మధ్య నుంచి నడుస్తాను. ఉస్మానియా క్యాంపస్‌లో ఎమ్మెస్సీ చదివాను. ఇంత చదువూ వంటింటి గడప దాకా వచ్చి ఆగిపోయింది.

ఆ మిఠాయి చేయాలన్న కోరిక మాత్రం మంచిదే. మాది రైల్వే వాళ్ల పేట. నిజాం రైల్వే రోజుల నుంచి లాలాగూడ వర్క్‌షాప్‌ను నమ్ముకుని ఈ చుట్టుపక్కల స్థిరపడ్డ ఆంగ్లో ఇండియన్ కుటుంబాలు ఇంకా కొన్ని ఉన్నాయి. మా పక్కింటి ఆంటీ ప్రతి క్రిస్మస్‌కీ కల్‌కల్స్, గులాబీ పువ్వుల లాంటి పిండివంటలు పళ్లెం నిండా పంపుతుంది. ఖాళీ పళ్లెం తిరిగి ఇవ్వకూడదు కనుక మేము పులిహోరో, నాలుగు అరటిపళ్లో పెట్టి ఇచ్చేవాళ్లం. ఆ ఏడు మాత్రం ఆమె పండగకు తగ్గదేదైనా నా చేత్తో చేసి ఇవ్వాలనిపించింది.

న్యూజెర్సీలో ఉన్న మా ఆడపడుచు ఏటా ఆఫీసులో పంచడానికి చాక్లెట్, పప్పులు, కేరమెల్ కలిపి ఉండలు చేస్తుంది. ఫోన్లో అడిగితే అంతా వివరంగా చెప్పింది. చాక్లెట్ ముక్కలు స్లో కుక్కర్లో కరిగించడం, వేయించిన పల్లీలూ జీడిపప్పూ కలపడం, చెంచాతో కాగితం మీద పెట్టడం. కేరమెల్ సంగతి అడిగితే, "మెత్తటి బిళ్లలు కొనుక్కొచ్చి వేస్తాను వదినా" అంది. ఇంట్లో పంచదార ఉండగా బిళ్లలు కొనడమెందుకు అనుకున్నాను. ఆ ఒక్క మార్పూ నేను చేసిందే. అన్నీ అక్కడే చెడ్డాయి.

మా అత్తయ్యగారు అప్పుడు హాల్లో కూర్చుని జీడిపప్పు బద్దలు చేస్తున్నారు. "పాకం నేను పడతాలే అమ్మాయ్, పొయ్యి మీదైతే అరగంట పని" అన్నారు. "మీకెందుకండీ శ్రమ, నిలబడితే మళ్లీ కాళ్లు లాగుతాయి. మిషనే చూసుకుంటుంది" అన్నాను. పైకి అది ప్రేమగా వినిపించే మాట. నా మనసులో ఉన్నది వేరు. థర్మామీటరు లేని పాకాన్ని నేను నమ్మలేదు. ఆవిడ చేతి లెక్క మోటుగా తోచింది. ఆ మాట పైకి అనలేదు. ఆవిడకు అర్థం కాకపోయి ఉంటుందని మాత్రం అనుకోను.

స్లో కుక్కర్ ఎందుకు పుట్టిందో ఆ రాత్రి ఒక్క నిమిషం ఆలోచించినా సరిపోయేది. అమెరికాలో ఇర్వింగ్ నాక్సన్ అనే ఆయనకు 1940లో దాని మీద పేటెంటు వచ్చింది. చిక్కుళ్లు ఉడికించుకునే కుండగా అది మొదలైంది. 1971లో క్రాక్‌పాట్ పేరుతో బజారుకొచ్చి, ఉద్యోగాలకు వెళ్లే ఆడవాళ్లకు ఆసరా అయింది. దాని పని నీళ్లను కాపాడటం. చుట్టూ ఉన్న కాయిల్ సన్నగా వేడెక్కుతుంది, లేచిన ఆవిరి మూతకు తగిలి చుక్కలై మళ్లీ గిన్నెలోకే దిగుతుంది. లోలో పెట్టినా హైలో పెట్టినా చివరికి చేరేది మరిగే స్థాయికి కాస్త కిందికే, తేడా అంతా ఎంతసేపట్లో చేరుతుందన్నదే. చిక్కుడు గింజకు అది వరం. పాకానికి కావలసింది సరిగ్గా ఇందుకు వ్యతిరేకం. 112 డిగ్రీల ఉండ పాకంలో నీళ్లు నూటికి పదిహేను పాళ్లు మాత్రమే మిగులుతాయి, పెళుసు పాకంలో ఒకటో రెండో. మూత కింద రాత్రంతా పెడితే పోసిన నీళ్లు పోసినట్టే ఉంటాయి.

అలాగే ఉన్నాయి. పొద్దున మూత తీస్తే పల్చటి తీపి నీళ్లు. రంగైనా మారలేదు. నేను అక్కడ ఆగలేదు. ఆ నీళ్లు వేరే గిన్నెలోకి వంచి, కుక్కర్ తుడిచి, డార్క్ చాక్లెట్ ముక్కలు వేసి మళ్లీ మూత పెట్టాను. కరుగుతున్న చాక్లెట్ మీద మూత నుంచి చుక్కలు రాలాయి. కలిపేసరికి నిగనిగలాడే ముద్ద కాస్తా బిరుసెక్కి, రవ్వరవ్వగా గరిటెకు పట్టుకుంది. పలచబడుతుందని చెంచాడు నీళ్లు పోశాను. ఇంకా గట్టిపడింది. పండక్కని కొన్న పప్పులన్నీ అందులోనే పోసేశాను.

చాక్లెట్ అంటే కోకో కొవ్వులో తేలియాడే సన్నటి పంచదార పొడి, కోకో పొడి. కొంచెం తడి తగిలితే పంచదార రేణువులు ఒకదానికొకటి అంటుకుని కొవ్వును బయటికి నెట్టేస్తాయి. అప్పుడు చెంచాడు నీళ్లు చాలవు, వేడిపాలు బాగా పోసి సాస్‌గా మార్చుకోవడమొక్కటే దారి. ఇది నేను చదువుకున్న సబ్జెక్టే.

అత్తయ్యగారు ఏమీ అనలేదు. నేను వంచి పెట్టిన తీపి నీళ్లు మూకుట్లో పోసి పొయ్యి మీద పెట్టారు. పక్కన పళ్లెంలో చల్లటి నీళ్లు. పాకం చుక్క అందులో వేసి వేళ్లతో చుట్టారు. చేతిలో జారింది. కాసేపాగి మళ్లీ వేశారు, ఉండ కట్టింది. ఇంకాసేపటికి మరో చుక్క వేసి, ఆ ఉండతో పళ్లెం అంచు మీద కొడితే ఠంగుమంది. తను దాచిన గుప్పెడు జీడిపప్పు వేసి, నెయ్యి రాసిన పళ్లెంలో పోశారు. నా గ్రాఫులోని ప్రతి డిగ్రీ ఆవిడ వేళ్లలో ఉంది. పక్కింటి ఆంటీకి ఆ పండక్కి వెళ్లింది ఆ జీడిపప్పు పాకమే.

మరో సంగతి అప్పుడే బయటపడింది. గిన్నెలో బిరుసెక్కిన చాక్లెట్ చూస్తూ, "ఇది మా తమ్ముడి కొబ్బరితోటలో కాసే కాయే కదా" అన్నారు. ఆవిడ పుట్టిల్లు కామవరపుకోట వైపు, ఇప్పుడది ఏలూరు జిల్లా. కొబ్బరి, పామాయిల్ చెట్ల నీడన అక్కడ కోకో అంతరపంట. కేరళతో పాటు మన దేశంలో కోకో ఎక్కువగా పండేది ఆంధ్రప్రదేశ్‌లోనే. కాయ పగలగొట్టి, తెల్లటి గుజ్జుతో సహా గింజల్ని పెట్టెల్లోనో అరటాకుల కిందో ఐదారు రోజులు పులియబెట్టడం, ఆ కుప్ప లోపల చెయ్యి పెడితే కాలేంత వేడి పుట్టడం, తర్వాత ఎండబెట్టడం, అన్నీ ఆవిడ కళ్లకు కట్టినట్టు చెప్పారు. చాక్లెట్ రుచికి పునాది ఆ పులియబెట్టడంలోనే పడుతుంది. ఈ రోజు బంజారాహిల్స్‌లో మానం వాళ్లు అమ్మే చాక్లెట్‌కు గింజలు ఆ తాడికలపూడి ప్రాంతం నుంచే వస్తున్నాయి. కోకో ఆవిడ ఊరిది, పాకం ఆవిడ చేతిది. ఇన్నేళ్లుగా ఒకే ఇంట్లో ఉంటూ నేను ఒక్కసారీ అడగలేదు. అడగడానికి న్యూజెర్సీకి ఫోన్ చేశాను.

ఇప్పుడు ఆ కుక్కర్‌తో ఎలా చేస్తామో కూడా చెప్పాలి, లేకపోతే దాన్ని అన్యాయంగా నిందించినట్టవుతుంది. మూత లేకుండా, లోలో, పొడి గిన్నెలో, పొడి గరిటెతో చాక్లెట్ వేస్తాం. సగం కరగగానే స్విచ్ ఆపేసి, మిగతాది కలుపుతూ కరిగిస్తాం. ఎక్కువ వేడికి చాక్లెట్ మాడుతుంది. కోకో కొవ్వు ఆరు రకాలుగా గడ్డకట్టగలదు. అందులో 34 డిగ్రీల దగ్గర కరిగే ఐదో రకం కుదిరితేనే మెరుపూ, టక్కున విరిగే గుణమూ వస్తాయి. అందుకని 28కి చల్లార్చి మళ్లీ 31 దాకా తేవాలి, ఇక్కడ థర్మామీటరు నాది. హైదరాబాద్ ఏప్రిల్ ఎండకు ఆ మెరుపు ఎలాగూ నిలవదు కాబట్టి డిసెంబరులోనే చేస్తాం.

మెత్తటి కేరమెల్ కావాలంటే కుక్కర్‌నే అడుగుతాం, పంచదారతో కాదు. తీపి కలిపిన చిక్కటి డబ్బా పాలను గాజు సీసాలో పోసి, మూత బిగించి, అది మునిగేలా నీళ్లు పోసి ఎనిమిది గంటలు లోలో ఉంచితే గోధుమరంగుకు తిరుగుతాయి. పాలలోని ప్రోటీనూ చక్కెరా కలిసి మారే మెయ్యార్డ్ చర్య అది, దానికి 100 డిగ్రీలు దాటనక్కర్లేదు. కోవాకు రంగు వచ్చేదీ దీనివల్లే. డబ్బాను మూసినదాన్ని మూసినట్టే మరిగించమని కొందరు చెబుతారు. నీళ్లు ఇగిరితే అది పేలుతుంది, ఆ పని చేయకండి.

పెళుసు పాకం మాత్రం అత్తయ్యగారిదే. ముక్కాలి పీట వేసుకుని పొయ్యి దగ్గర కూర్చుంటారు, పళ్లెం నేను పట్టుకుంటాను. చుక్క వేసి నా వేళ్లకే ఇస్తారు. ఉండ కట్టిందో లేదో నాకింకా సరిగ్గా తెలియడం లేదు, ఆవిడ ఊఁ అనేదాకా ఆగుతాను. ఆ రాత్రి నేనన్న మాటకు మన్నించమని ఇంతవరకూ అడగలేదు. ఆవిడ ఈ పత్రిక అట్ట నుంచి అట్ట దాకా చదువుతారని తెలిసే ఇదంతా రాశాను.