ఎఱ్ఱ సిలిండరు మాహాత్మ్యము

మన హనుమకొండ కార్యాలయములందు గోడనంటియుండు ఎఱ్ఱ సిలిండరునకు సంవత్సరమున రెండు పర్వములు కలవు. 1944లో బొంబాయి రేవున జరిగిన మహావిస్ఫోటనమును స్మరించి ఏప్రిల్ 14న ఆరంభమగు అగ్నిమాపక వారోత్సవములలో అది లోకరక్షకుడు. మాంట్రియల్ ఒడంబడిక కుదిరిన సెప్టెంబరు 16న, ఓజోన్ దినోత్సవ సభలో, అదియే లోకకంటకుడు. తక్కిన దినములలో దానికి గొడుగులు తగిలింతురు.

కంటకుడన్న నింద అందు నింపుచుండిన హేలన్ వాయువు వలన వచ్చినది. హేలన్ 1301 గదిగాలిలో నూటికి ఐదుపాళ్లు చేరిన చాలును. కాగితమును తడుపక, కంప్యూటరును చెఱుపక, మంటలోని రసాయనిక శృంఖలను త్రెంచి నిప్పు నార్పెడిది. ఇంతటి గుణవంతునకు దోషమొక్కటే: ఆకాశమున కెక్కి, తన బ్రోమినుతో ఓజోను పొరను, సీఎఫ్‌సీ 11 కంటె పదిరెట్లు అధికముగా భక్షించుట. 1992లో ఒడంబడికలో చేరిన మనదేశము, 2000లో నియమావళి రచించి, 2010 నాటికి హేలన్ల ఉత్పత్తికి స్వస్తి చెప్పెను. పాతనిల్వల సంరక్షణకు ఢిల్లీలోని డీఆర్‌డీఓ ప్రయోగశాలలో హేలన్ బ్యాంకు వెలసెను. వడ్డీ పుట్టని బ్యాంకు.

అటుపిమ్మట ప్రత్యామ్నాయాన్వేషణము పెండ్లిచూపుల తీరున సాగినది. వచ్చిన ప్రతి వరునకు నొక వంక. హెప్టాఫ్లోరోప్రొపేన్ ఓజోను జోలికి పోదు. హైదరాబాదు ఐఐసీటీ శాస్త్రజ్ఞులు దానిని స్వదేశమున చేయు విధానమును గూడ సాధించిరి. కాని భూతాపమును పెంచుటలో అది బొగ్గుపులుసు వాయువునకు మూడువేల రెట్లకు పైబడినది. కావుననే మాంట్రియల్ ఒడంబడికకు 2016లో జరిగిన కిగాలీ సవరణను 2021లో ఆమోదించిన మనము, అట్టి వాయువులను 2047 నాటికి 85 శాతము తగ్గింతుమని మాట యిచ్చితిమి. ఫ్లోరోకీటోనునకు ఈ రెండు దోషములును లేవు. అయితే వంశము మంచిది కాదు: చిరకాలము నశింపని రసాయనముల కుటుంబము. దానికి పేరు తెచ్చిన 3ఎమ్ సంస్థయే 2025 చివరికి ఆ కుటుంబముతో తెగతెంపులని 2022లో ప్రకటించెను. నత్రజని, ఆర్గాను నిర్దోషులు. కాని గదిలో మూడవవంతునకు మించి నిండవలెను గావున, వారి సిలిండర్లకే మఱియొక గది కావలెను.

వరు డెవ్వడైనను ఇల్లు మాత్రము బిగువుగా నుండవలెను. హెప్టాఫ్లోరోప్రొపేన్ పది సెకండ్లలో గదిని నింపి, పది నిమిషములు నిలిచిననే నిప్పు చల్లారును. నే నెఱిగిన యొక కార్యాలయపు సర్వరుగదిలో, ఏసీ చెడినందున కిటికీలు తెఱచి, తలుపునకు ఇటుక యడ్డుపెట్టిరి. అగ్ని పుట్టినచో ఆ ఖరీదైన వాయువు భద్రకాళి చెరువు గట్టునకు షికారు పోవును. మంట మాత్రము లోపలనే యుండి ఫైళ్లన్నియు పరిష్కరించును. కొత్త వాయువు ఎక్కువ బరువున కావలెననియు, పాత గొట్టములు, నాజిళ్లు పనికిరావనియు విన్నవింపగా, సూపరింటెండెంటుగారు “సిలిండరు మీది కాగితము మార్చితిమి గదా!” యనిరి.

పోనిండు, తలుపైనను మూయుడంటిని. మాంట్రియల్‌లో వర్ధమాన దేశములకు పదేండ్ల గడువు లభింపగా, ఒక్క తలుపు మూయుటకు తమకు అంతకన్న తక్కువ గడువిచ్చుట అన్యాయమని వారు సెలవిచ్చిరి.