వివరాలకు ఫుట్‌నోట్ చూడుము

ఎలక్ట్రానిక్స్ పిచ్చి ఉన్నవాళ్లకి సోల్డరింగ్ ఐరన్ వల్ల కాలేది వేళ్లే. డేటాషీట్ వల్ల కడుపు కాలుతుంది.

మాట వరసకి ఐఆర్‌ఎఫ్‌జడ్44ఎన్ అనే మాస్‌ఫెట్ తీసుకోండి. మోటార్లు తిప్పడానికి, ఎల్‌ఈడీ పట్టీలు వెలిగించడానికి మా బోటివాళ్లం ఎడాపెడా వాడే పార్టు. దాని డేటాషీట్ మొదటి పేజీ అచ్చం పెళ్లిళ్ల పేరయ్య చేతిలో బయోడేటానే. అబద్ధం ఒక్కటీ ఉండదు, ఆరా తీయాల్సినవన్నీ అడుగున ఉంటాయి. పైన లావుపాటి అక్షరాల్లో 49 ఆంపియర్లు. అబ్బో, ఇల్లంతా దీనిమీదే నడిపేయొచ్చు అనిపిస్తుంది. కింద, కేస్ టెంపరేచర్ 25 డిగ్రీలున్నప్పుడు అని షరతు. హైదరాబాద్‌లో మే నెల మధ్యాహ్నం 25 డిగ్రీల వస్తువు కావాలంటే ఫ్రిజ్ తలుపు తీయాలి. పైగా కేస్ అంటే గది కాదు, కరెంటు మోస్తూ చెమటలు కక్కుతున్న ఆ పార్టు ఒళ్లు! ఇంకా లోపలికి వెళ్తే, హీట్‌సింక్ లేకపోతే ఖర్చయ్యే ప్రతి వాట్‌కీ 62 డిగ్రీల చొప్పున వేడెక్కుతుందని ఒక గడిలో ఉంటుంది. కాగితం, పెన్సిలు పట్టుకుని లెక్క వేస్తే, మన ఎండల్లో ఉత్త పార్టు పది ఆంపియర్లు మోయడం కూడా గగనమే. మిగతా ముప్ఫై తొమ్మిదీ మొదటి పేజీలోనే ప్రవహిస్తూ ఉంటాయి.

ఈ మాస్‌ఫెట్‌ని ఆన్ చేసే గేట్ సంగతి ఇంకా చోద్యం. ఆన్ అవడం మొదలయ్యే థ్రెషోల్డ్ 2 నుంచి 4 వోల్టులు అని రాసి ఉంటుంది. ఆర్డుయినో బోర్డు 5 వోల్టులిస్తుంది కదా, ఇంకేం కావాలి అని కుర్రాళ్లు సంబరపడిపోతారు. పక్కనే చీమ తలకాయంత అక్షరాల్లో డ్రెయిన్ కరెంటు 250 మైక్రో ఆంపియర్లు అని ఉంటుంది. ఒక మామూలు ఎల్‌ఈడీ నిండుగా వెలగడానికి 20 మిల్లీ ఆంపియర్లు అనుకుంటే, ఇది అందులో ఎనభయ్యో వంతు. ఆన్ అయిందని వాళ్లంటున్నది దీన్ని. పూర్తిగా తెరుచుకోవడానికి 10 వోల్టులు కావాలన్న ముక్కని రెసిస్టెన్స్ గడిలో షరతుల కింద దాచిపెడతారు. అడిగితే చెప్పాం కదండీ అంటారు. చెప్పారు, నిజమే.

ట్రాన్సిస్టర్ల కాళ్ల గొడవ సరేసరి. పీఎన్2222ఏని చదునువైపు మనకేసి, కాళ్లు కిందికి ఉండేలా పట్టుకుంటే ఎడమ నుంచి ఎమిటర్, బేస్, కలెక్టర్. మధ్యలో ఒక 2 చేరి పీ2ఎన్2222ఏ అయిందా, కలెక్టర్, బేస్, ఎమిటర్! ఒక్క అంకె చేరగానే అటుది ఇటు, ఇటుది అటు. పోనీ బొమ్మ చూసి తేల్చుకుందామంటే, కొన్ని షీట్లలో ఆ బొమ్మ పైనుంచి చూసి గీశారో కిందనుంచి చూసి గీశారో ఉండదు. గీసినాయనకి తెలుసు. అది చాలనుకున్నాడు కాబోలు.

దూరం కొలిచే హెచ్‌సీ-ఎస్‌ఆర్04 సెన్సర్ కోసం ఆమధ్య కోఠీ గుజరాతీ గల్లీకి వెళ్లాను. దీనికి కాగితం ఏమన్నా ఇస్తారా అని అడిగితే, కొట్టతను నన్ను ఎగాదిగా చూశాడు.

“కాగితం ఏందన్నా? నాలుగు కాళ్లే గదా. బోర్డు మీదనే రాసుంది సూడు.”

ఉంది. వీసీసీ, ట్రిగ్, ఎకో, గ్రౌండ్. ఇంటికొచ్చి నెట్‌లో దొరికిన పీడీఎఫ్ తెరిస్తే, పనిచేసే ఫ్రీక్వెన్సీ 40 హెర్ట్జ్ అని టేబుల్‌లో ఉంది. ఉండాల్సింది 40 కిలోహెర్ట్జ్. అదే పీడీఎఫ్‌లో వివరణ దగ్గర సరిగ్గానే ఉంది. టేబుల్ కట్టినాయన, వివరణ రాసినాయన ఒకరి మొహం ఒకరు చూసుకున్నట్టు లేదు. నిజంగా 40 హెర్ట్జే అయితే ఒక్కో తరంగం ఎనిమిదిన్నర మీటర్ల పొడవుంటుంది. సెన్సర్ కొలవగలిగే గరిష్ఠ దూరమే 4 మీటర్లు. పీడీఎఫ్ మూసేసి కొట్టతను చెప్పినట్టే బోర్డు చూసి వైర్లు కలిపాను. గోడ ఎంత దూరంలో ఉందో ఠకీమని చెప్పింది.

కొన్ని పెద్ద కంపెనీల డేటాషీట్లలో చివరి పేజీ మాత్రం ముత్యాల్లా ఉంటుంది. ప్రాణాధార యంత్రాల్లో వాడరాదు, ముందస్తు నోటీసు లేకుండా మార్పులు జరుగును, జరిగిన నష్టానికి మా బాధ్యత లేదు. లాయరు రాసిన పేజీలో కిలోలు ఎగిరిపోవు.

ఇలాంటి కాగితాలను పైవాళ్లు చదవకుండానే సంతకాలు పెట్టేస్తున్నారని అమెరికాలోని సిగ్నెటిక్స్ కంపెనీలో ఒక ఇంజనీరుకి ఒళ్లు మండిందని ఒక కథ ఉంది. 1972లో 25120 అనే చిప్‌కి ఉత్తుత్తి డేటాషీట్ ఒకటి తయారుచేశాడు. పేరు రైట్ ఓన్లీ మెమరీ. ఎంత సమాచారమైనా రాసుకోవచ్చు, మళ్లీ చదవడం మాత్రం కుదరదు. అనుమానం రాకుండా మిగతా కాగితాల మధ్య దోపితే, సంతకాలు చకచకా పడిపోయాయట. ధరెంత అని కొనేవాళ్లు ఫోన్లు చేసేదాకా కంపెనీకి సంగతి తెలియలేదని చెప్పుకుంటారు.

ఆ షీట్‌లో ఒక గ్రాఫ్ ఉంది. సాకెట్‌లో ఎన్నిసార్లు గుచ్చి తీస్తే చిప్‌కి ఎన్ని కాళ్లు మిగులుతాయో గీశాడు మహానుభావుడు. నా డబ్బాలోని పాత ఐసీలు బయటికి తీసి కాళ్లు లెక్కపెట్టాను. గ్రాఫ్ కరెక్టే.