ఆకలి లేని చేపకు ఎర

నేను ఇరవై గ్రాముల ఇత్తడి రేకును. ఒకవైపు వెండిపూత, రెండోవైపు నా అసలు రంగు. తలకు ఒక ఉంగరం, తోకకు ఒక ఉంగరం, తోక ఉంగరానికి ఒకే ఒక్క కొక్కెం. గాలమేసేవాళ్లు నన్ను స్పూన్ అంటారు. నన్ను చేసింది సాల్మన్ చేప కోసం. సముద్రంలో పెరిగి, గుడ్లు పెట్టడానికి ఏటికి ఎదురీదుతూ వచ్చే ఆ చేప మంచినీళ్లలో అడుగుపెట్టాక మేత మానేస్తుంది. ఒంట్లో దాచుకున్న కొవ్వే దానికి దారిబత్తెం. అంటే, తినడం మానేసిన చేప కోసం ఎరగా పుట్టినదాన్ని నేను.

ఆకలి లేని చేప నోరెందుకు తెరుస్తుంది? నన్ను కొనేవాళ్లు ముందుగా అడగాల్సిన ప్రశ్న ఇదే. కానీ చాలామంది రంగు అడుగుతారు, ధర అడుగుతారు. జవాబు నాకు సగం కెనడాలో దొరికింది, మిగతా సగం ములకలపల్లిలో.

మా వంశం గురించి కొంచెం చెప్పాలి. 1852లో అమెరికాకు చెందిన జూలియో బ్యూయెల్ ఇలాంటి రేకు ఎరకు పేటెంటు తీసుకున్నాడు. పడవలో తింటూ ఉండగా చెంచా జారి సరస్సులో పడిందనీ, మునుగుతున్న చెంచాను ఓ పెద్ద చేప వచ్చి అందుకుందనీ ఆయన గురించి చెప్పుకుంటారు. మన దేశానికి మావాళ్లు తొందరగానే వచ్చారు. మద్రాస్ సివిల్ సర్వీసులో పనిచేసిన హెన్రీ సల్లివాన్ థామస్ 1873లో ‘ది రాడ్ ఇన్ ఇండియా’ అనే పుస్తకం వేశాడు. దక్షిణాది నదుల్లో మహసీర్ చేపను స్పూన్‌తో ఎలా పట్టాలో అందులో వివరంగా రాశాడు. అప్పట్లో నాలాంటి తేలికపాటి రేకును దూరం విసరడం కష్టం. చుట్ట తిరిగితేనే దారం వదులయ్యేది. రేకుకు ఆ బరువైన చుట్టను తిప్పే శక్తి ఉండేది కాదు. 1905లో ఇంగ్లండులోని బ్రాడ్‌ఫర్డ్‌లో బట్టల మిల్లు నడిపే ఆల్‌ఫ్రెడ్ ఇల్లింగ్‌వర్త్ ఆ చిక్కు విప్పాడు. మిల్లులో కండె కదలకుండానే దాని కొస మీదుగా నూలు ఊడివస్తుంది. ఆయన రీలును కూడా అలాగే కట్టాడు. ఈ రోజు ఖమ్మంలో కుర్రాళ్లు చేతబట్టే స్పిన్నింగ్ రీళ్లన్నీ ఆ మిల్లు బుద్ధి నుంచి వచ్చినవే.

నన్ను కొన్నవాడిది తెలంగాణలోని ములకలపల్లి. ఉద్యోగం కోసం వెళ్లి వాంకూవర్ పక్కన సర్రేలో కాపురం పెట్టాడు. దుకాణంలోకి వస్తూనే అన్నిటికంటే ఎక్కువగా మెరిసే పెట్టె మీద చెయ్యి వేశాడు. కౌంటరు వెనక ముసలాయన ఆ పెట్టె ఇవ్వలేదు. ఏ ఏటికి వెళ్తున్నావు, నీళ్లు ఏ రంగులో ఉన్నాయి, వాన ఎప్పుడు పడింది అని అడిగాడు. ఏరు వెడ్డర్. దాని నీళ్లు ఫ్రేజర్ నదికి చేరతాయి. రెండు రోజుల కింద వాన కురిసింది, నీళ్లు తేటపడుతున్నాయి, ఇంకా ఆకుపచ్చగా ఉన్నాయి. ఆ మూడు జవాబులు విన్నాకే ముసలాయన నన్ను గోడమీంచి తీశాడు.

ఆయన చెప్పింది నాకు కంఠతా వచ్చు. నీళ్లు అద్దంలా ఉండి ఎండ కాస్తుంటే చిన్న రేకు, రాగిరంగు లేదా నలుపు పట్టిన రేకు వెయ్యాలి; అక్కడ వెండి మెరుపు చేపను బెదరగొడుతుంది. నీళ్లు కొంచెం మసకబారితే వెండి. బురద కలిసి పొంగుతుంటే నారింజ, చిలకపచ్చ. ఈ రంగుల పట్టీ అందరూ చెప్తారు. ఆయన గట్టిగా పట్టుకున్నది మాత్రం బరువు గురించి. చల్లటి నీళ్లలో సాల్మన్ అడుగున పడుకుని ఉంటుంది, పైకి లేచి వెంటపడదు. ఎర దాని ముక్కు ముందుకే పోవాలి. అందుకని ప్రవాహం ఎక్కువైతే మందపు రేకు, తగ్గితే పలచటి వెడల్పు రేకు. పలచటిది నెమ్మదిగా లాగినా ఊగుతుంది, మందంగా ఉన్నది లోతుకు దిగుతుంది. రెండు గుణాలూ ఒకే రేకులో దొరకవు కాబట్టి చేతిలో కనీసం రెండైనా ఉండాలి.

మిగతా సామాను దాని వెంటే వచ్చింది. తొమ్మిది అడుగుల రాడ్. ఎందుకంత పొడుగంటే దారాన్ని నీటి మీద ఆనకుండా ఎత్తి పట్టుకోవడానికి. నాలుగువేల సైజు రీలు. దాని మీద పద్నాలుగు కిలోల బరువు ఓర్చే అల్లిక దారం, కొసన సగం బలమున్న నైలాన్. రాయికి చిక్కుకుంటే ఆ కొస తెగిపోతుంది, దారం మొత్తం పోదు. రీలు బిగింపు దారం బలంలో నాలుగో వంతు దాటకూడదు. పెద్ద చేప మొదటి పరుగు తీసేటప్పుడు దారం జారాలే గానీ తెగకూడదు. నాకూ నైలానుకూ మధ్య స్వివెల్ అనే తిరిగే కీలు ఒకటి. అది లేకపోతే నేను గింగిరాలు కొట్టినప్పుడల్లా దారం మెలిపడుతుంది. కొక్కేనికి ముల్లు ఉండదు. బ్రిటిష్ కొలంబియా నదుల్లో అది చట్టం: ఒక్కటే కొక్కెం, ముల్లు లేనిది. హేచరీలో పుట్టి వీపు మీది చిన్న కొవ్వురెక్క కత్తిరించిన కోహో జాతి సాల్మన్‌ను ఇంటికి తీసుకెళ్లొచ్చు. ఆ రెక్క ఉన్న అడవి కోహోను మాత్రం గాయం కాకుండా వెంటనే వదలాలి. ముల్లు లేని కొక్కెం ఆ వదిలే పనిని తేలిక చేస్తుంది. నాకా చట్టమంటే గౌరవం.

మావాడు అడ్డంగా, కొంచెం కిందికి విసిరేవాడు. నేను ప్రవాహంలో పడి, అడుగు దాకా దిగి, దారం బిగిశాక వంపు తిరుగుతూ గట్టు వైపు వచ్చేదాన్ని. గబగబా చుడితే గిర్రున తిరిగేస్తాను, అందులో ప్రాణం ఉండదు. సరైన వేగంలో లాగితే అటూ ఇటూ ఊగుతాను, రాడ్ కొస నాడిలా కొట్టుకుంటుంది. మొదటి కోహో నన్ను అందుకున్న క్షణం నాకు బాగా గుర్తుంది. అది మింగే పట్టు కాదు. నోటితో కొట్టింది. తన మడుగులోకి చొరబడ్డ పరాయిదాన్ని తరిమేసే దెబ్బ అది. సాకై జాతి సాల్మన్లు పక్కనుంచే గుంపులుగా పోయేవి, నా వంక చూసేవి కావు. సముద్రంలో చిన్న చిన్న జీవులను వడకట్టి బతికిన చేపకు నాతో పగేముంటుంది? కోహో, చినూక్ సాల్మన్లు అలా కాదు, అవి వేటాడి పెరిగినవి. ఏ చేపకు ఏ ఎర అన్న లెక్క అక్కడ మొదలవుతుంది, రంగు తర్వాత సంగతి.

ఒక దసరా సెలవులకు మావాడు నన్ను ములకలపల్లి తెచ్చాడు. మేనమామ ఇంటి అరుగు మీద పెట్టె తెరిచాడు. ఆ మామ చిన్నప్పటి నుంచి పాములేరు వాగులో గాలమేసినవాడు, చేపలు పట్టే మావులు పెట్టినవాడు.

“ఏందల్లుడూ ఇది? ఎర ఏదీ?”

“ఇదే ఎర, మామా.”

“ఇది తినేది కాదు గదా. చేప ఎందుకు పట్టుద్ది?”

అడగాల్సిన ప్రశ్న ఆయన ఒక్కడే అడిగాడు. మావాడు సాల్మన్ సంగతి చెప్పాడు: సముద్రం, ఎదురీత, ఉపవాసం, గుడ్లు పెట్టి చనిపోవడం. మామ శ్రద్ధగా విని, “మన పులస గూడా అట్టనే గదా వచ్చేది” అన్నాడు.

నిజమే. వానాకాలపు ఎర్రనీటికి గోదావరిలోకి ఎదురొచ్చే పులస సాల్మన్‌కు దారిలో తోడు, తిండిలో కాదు. పులస నీటిలోని సూక్ష్మజీవులను వడకట్టుకుంటుంది. స్పూన్ వేసి పులసను పట్టాలనుకోవడం వృథా, దానికి వలే మార్గం. అయితే ఆ పోలిక నన్ను వదల్లేదు. ఫ్రేజర్ పొడవు 1,375 కిలోమీటర్లు, గోదావరి 1,465. దాదాపు సమానమైన నదులు. బ్యూయెల్ పేటెంటు తీసుకున్న 1852లోనే ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయింది. లక్షల ఎకరాలకు అన్నం పెట్టిన గోడ అది, పులసకు మాత్రం అడ్డు. ఫ్రేజర్ మీదా ఇలాంటిదే జరిగింది. 1913లో రైలుమార్గం కోసం కొండ పేల్చిన రాళ్లు హెల్స్ గేట్ అనే ఇరుకు లోయలో పడ్డాయి, మరుసటేడు కొండచరియ కూడా విరిగింది. సాల్మన్ దారి మూసుకుపోయింది. చేపలు ఎక్కడానికి అక్కడ మెట్లదారి కట్టింది 1945, 46ల్లో. ముప్పై ఏళ్లు ఆలస్యమైనా కట్టారు. భద్రాచలం వైపు గోదావరిని చూసినప్పుడు నాకా మెట్లు కళ్లముందు మెదులుతాయి.

ఇక్కడ నా మొదటి పని మూకమామిడి ప్రాజెక్టు నీళ్లలో. మత్స్యకారుల సొసైటీ వాళ్లను అడిగే వెళ్లారు. గట్టు వారన తూటికూర, తామరాకు, నాచు. ఆ గడ్డిలోనే కొరమీను ఉంటుంది. 2016లో తెలంగాణ దాన్ని రాష్ట్ర చేపగా ప్రకటించింది. మొప్పలతో పాటు గాలినీ పీల్చే చేప కాబట్టి అప్పుడప్పుడు పైకొచ్చి బుడగ వదులుతుంది. చూపున్నవాడికి ఆ బుడగే చిరునామా. నేను గడ్డిలో పడితే కొక్కెం ఆకులకే తగులుకుంటుంది. అక్కడ నా అవసరం లేదు. మావాడు ఆన్‌లైన్‌లో తెప్పించిన రబ్బరు కప్పను కట్టాడు. దాని కొక్కేలు వీపుకు అతుక్కుని పైకి చూస్తుంటాయి. ఆకుల మీదినుంచి గెంతుతూ వస్తుంది, చేప నొక్కినప్పుడే మొనలు బయటపడతాయి. ఊళ్లో బతికున్న కప్పను గాలానికి గుచ్చడం పాత పద్ధతి. ఒక ప్రాణిని నొప్పించకుండా అదే పని రబ్బరు చేస్తుందంటే నేను రబ్బరు పక్షమే. కప్పకు పొడుగు రాడ్ వద్దు. ఆరేడు అడుగుల గట్టి కర్ర కావాలి, చేపను గడ్డిలోంచి వెంటనే లాగాలి గనక.

అప్పుడే తామరాకుల మధ్య ఖాళీలో నీళ్లు ఎర్రగా కదిలాయి. నారింజ రంగు పిల్లల గుంపు, వందలకొద్దీ. కొరమీను పిల్లలకు ఆ వయసులో అదే రంగు. కిందనే తల్లీతండ్రీ కావలి ఉంటాయి. మావాడి చెయ్యి రాడ్ మీదికి పోయింది. అలాంటప్పుడు విసిరితే కప్పయినా, రేకైనా, కట్టెపుల్లయినా తప్పకుండా కొడతాయి.

మామ ఆ చెయ్యి పట్టుకున్నాడు. “పిల్లల మీదుందిరా. ఎయ్యకు.”

“తినడానికి కాదు మామా, కోపంతో కొట్టుద్ది. పట్టి వదిలేస్తా.”

“నువ్వు వదిలేలోపు పిల్లల్ని మిగతా చేపలు తినేస్తయి. తల్లి లేని గుంపు ఎంతసేపుంటది?”

నా ప్రశ్నకు మిగతా సగం జవాబు అది. వెడ్డర్‌లో కోహో నన్ను కొట్టిన కోపమూ, ఇక్కడ కొరమీను కప్పను కొట్టే కోపమూ ఒకటి కాదు. మొదటిది దారిన పోతున్నవాడి చికాకు. రెండోది కాపలా. ఎర ఎంచుకునేవాడు నీళ్ల రంగుతో పాటు ఈ తేడా కూడా చూడాలి. వానలు మొదలై పిల్లలు గుంపు కట్టి తిరిగే రోజుల్లో కొరమీనుకు అసలు ఎరే వెయ్యకపోవడం కూడా ఎంపికే. దాన్ని నేర్పే దుకాణం నాకు రెండు దేశాల్లోనూ కనపడలేదు, నేర్పింది మామ.

నాకు తగిన నీళ్లు పాములేరులో దొరికాయి. వాగు పోటు తగ్గి, మడుగు మలుపులో నీళ్లు ఇంకా మసకగా ఉన్న సాయంకాలం. అక్కడ వాలుగ ఉంటుంది. పెద్ద నోరు, చిన్న కళ్లు, నోటి పక్కన మీసాలు, వెలుతురు తగ్గాక వేట. మసకనీటిలో చేప కంటికంటే ఒంటితో ఎక్కువ వింటుంది. పక్కన తల నుంచి తోక దాకా సాగే గీత నీటి కదలికను పసిగడుతుంది. అందుకే మావాడు ముందు ఫ్రెంచి మెప్స్ స్పిన్నర్ వేశాడు. 1938లో మొదలైన ఆ కంపెనీ ఎరలో చిన్న రేకు తీగ చుట్టూ గిరగిరా తిరిగి నీటిని కొడుతుంది. తేలిక కావడంతో అది మడుగు అడుక్కి చేరలేదు. అప్పుడు నన్ను కట్టాడు, నైలాన్ కొస తీసి అంతకు రెట్టింపు మందంది వేశాడు. వాలుగ నోటి నిండా సన్నటి పళ్లు బ్రష్షులా ఉంటాయి, పలచటి కొసను రాపాడి తెంపేస్తాయి. నేను అడుగు తగిలి, రెండుసార్లు ఊగానో లేదో రాడ్ వంగింది. ఇది కోహో దెబ్బ కాదు. నోట్లో పెట్టుకుని, బిగించి, వెనక్కి తిరిగింది. ఇది ఆకలి. సాల్మన్ కోసం పుట్టినా, ఆకలితో పట్టిన చేప నాకు ములకలపల్లిలోనే మొదటిసారి తగిలింది. ప్రపంచంలో వాలుగ తగ్గిపోతోంది, ముప్పు ఉన్న జాతుల జాబితాలోకి చేరింది. ముల్లు లేని కొక్కెం కావడంతో మామ నీళ్లలోనే దాన్ని విడిపించాడు.

మర్నాడు పూసుగూడెం వైపు సీతారామ ఎత్తిపోతల కాలువలో వేద్దామని మావాడు అన్నాడు. సిమెంటు గోడలు, నున్నటి వాలు, పడితే పట్టు దొరకదు. మామ వద్దన్నాడు, మావాడు విన్నాడు.

అతను వెళ్లేటప్పుడు నన్ను మామకే ఇచ్చాడు. మామ నన్ను చేతిలో పెట్టుకుని చాలాసేపు వంపు చూశాడు, బరువు చూశాడు. తర్వాత అటక మీంచి సొట్టపోయిన పాత ఇత్తడి చెంబు దింపి, రేకు కత్తెరతో నా ఆకారంలో ఒక ముక్క తీశాడు. గుండ్రటి రాయి మీద పెట్టి సుత్తితో గుంట చేశాడు, రెండు చివర్లా చిల్లులు కొట్టి ఒకవైపు ఉంగరం, ఒకవైపు కొక్కెం పెట్టాడు. కొక్కెం ముల్లును పటకారతో నొక్కేశాడు. ఆ చెంబు రేకు నాకంటే పలచన, కొంచెం వెడల్పు. వాగు మందగించే పుష్యమాసం నీళ్లలో నేను ఊగలేనంత నెమ్మదిలోనూ అది ఊగుతుంది. వానాకాలం పోటుకు నన్ను, తగ్గిన నీళ్లకు దాన్ని కడుతున్నాడు. ఇప్పుడు మూడోది కొడుతున్నాడు, తేటనీళ్లకు, పూత లేకుండా.